పోచమ్మకు కళ్ళు పెట్టే బాలమణి

బాలమణి అరచేతులు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి. పెళ్ళికి పోయినా, బ్యాంకులో వేలిముద్ర వేయడానికి పోయినా ఆ పసుపు ఆమెను వదలదు. ముప్పై తొమ్మిదేళ్ళుగా రోజూ అమ్మవారికి పసుపు రుద్దిన చేతులు మరి, ఏ సబ్బుకు లొంగుతాయి? ఒకసారి బ్యాంకు పిల్ల, "మిషన్ మీ వేలిముద్ర తీసుకోవట్లేదు, ఏం పని చేస్తారండీ?" అని అడిగితే, "పోచమ్మకు తానం పోస్త" అంది. అదీ ఒక పనేనా అన్నట్టు ఆ పిల్ల నవ్వింది. బాలమణికి ఒళ్ళు మండింది కానీ ఆ రోజుకు ఊరుకుంది.

జహీరాబాద్ నుంచి చిరాగ్‌పల్లి వైపు పోతుంటే హైవే మీదినుంచి ఎడమకు దిగే మట్టిదారి ఒకటి కుమ్మరివాడకు పోతుంది. ఆ దారి మొదట్లో, చెరుకుతోట అంచున నడుమెత్తు గుడి ఉంది. తలుపు లేదు, గోపురం లేదు. లోపల మోకాలెత్తు రాయి. దానికి ముక్కూ మొహం ఎవరూ చెక్కలేదు. పసుపు పూసి, కుంకుమ దిద్ది, రెండు వెండి కళ్ళు అతికిస్తే అప్పుడది పోచమ్మ అవుతుంది. తలుపు లేని గుడిలో వెండి వదిలేయలేరు కనుక ఆ కళ్ళను పొద్దుగూకగానే తీసి బాలమణి ఇంటికి తెచ్చుకుంటుంది. తెల్లవారి మళ్ళీ పెడుతుంది. దొంగల భయంతో కదా అని ఎవరన్నా ఎగతాళి చేస్తే, "పొద్దంతా చూసి చూసి తల్లి జర కన్ను మూయొద్దా?" అని ఎదురడుగుతుంది.

ఆ కళ్ళు పెట్టే పని కుమ్మరి జగ్గయ్య ఇంటి ఆడవాళ్ళది. మగవాళ్ళు బోనం కుండలు చేస్తారు. అత్త కోడలికి, ఆ కోడలు తన కోడలికి ఈ పని నేర్పుతుంది. బాలమణికి ఆమె అత్త మహాదేవమ్మ నేర్పింది. పెళ్ళయిన మూడోనెల చేతిలో ఆ రెండు కళ్ళూ పెట్టి, "పొద్దుగాల లేచి నీ మొగని మొకం చూస్తవో చూడవో, ఈ తల్లి మొకం చూసినంకనే ఛాయ్ తాగు" అంది. అప్పటినుంచీ బాలమణి ఛాయ్ ఆలస్యమే. ఊరి నియమం ఒకటుంది: కళ్ళు పెట్టేదాకా ఎవరూ బోనం దించరు, కొబ్బరికాయ కొట్టరు, కోడిని కొయ్యరు. చూడని తల్లి ముందర ఏం పెట్టినా దండగే కదా.

పిల్లలకు ఒంటిమీద అమ్మ పోసిందంటే మొదట ఆమె గుమ్మమే తొక్కుతారు. వేపమండ, పసుపునీళ్ళు ఇస్తుంది. తర్వాత, "గిదొక్కటే సరిపోదు, దవాఖానకు గూడ తీస్కపో" అని తిట్టి మరీ పంపిస్తుంది. హైవే మీద లారీలు ఆపి మరాఠీలో మొక్కేవాళ్ళున్నారు, కన్నడంలో మొక్కేవాళ్ళున్నారు. ఆమెకు ఆ మాటలు సగం తెలియవు. అమ్మకు తెలుసులే అని కుంకుమ పెట్టి పంపుతుంది. నీకు మంత్రాలు వచ్చా అని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

ఆమెకు ఒక్కడే కొడుకు, సురేశ్. డిగ్రీ చదివి, ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తూ, శనివారం వస్తే సరిహద్దు అవతల బీదర్ వైపున్న గుట్టమఠానికి భజనకు పోయేవాడు. గొంతు బాగుండేది. ఇరవైమూడో ఏట ఒక సోమవారం డ్యూటీకని టిఫిన్ డబ్బా పట్టుకుపోయినవాడు ఇంటికి రాలేదు. నాలుగోరోజు మఠం జీపులో డబ్బా ఒక్కటే వచ్చింది. శుభ్రంగా కడిగి పంపారు, అంత మర్యాదస్థులు.

సన్యాసం తీసుకునే మనిషి ముందు తన పిండం తానే పెట్టుకుంటాడట. అంటే లోకానికీ ఇంటికీ ఆ మనిషి చచ్చిపోయినట్టే. పేరు పోతుంది, కులం పోతుంది, అమ్మానాన్నలు పోతారు. ఈ సంగతి వినిపించిన రోజు జగ్గయ్య కుమ్మరి సారె ముందు చీకటిపడేదాకా కూర్చున్నాడు, ఒక్క కుండ కూడా చెయ్యలేదు. బాలమణి మాత్రం నోరుమూసుకోలేదు. "పాలిచ్చిన నన్ను అడగకుంట నా కొడుక్కు పిండం పెట్టించిన్రా?" అని మఠం జీపు డ్రైవర్‌ను పట్టుకుని కడిగేసింది. పాపం, అతను డబ్బా ఇవ్వడానికొచ్చినవాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు జగ్గయ్య పోయాడు. కబురు పంపితే మఠం నుంచి జవాబొచ్చింది: స్వామివారికి పూర్వాశ్రమ బంధాలు ఉండవు, వార్త విన్నారు, స్నానం చేశారు. అంతే. తలకొరివి మరిది కొడుకు పెట్టాడు. తండ్రి చావుకు ఒక చెంబెడు నీళ్ళు నెత్తిన పోసుకుంటే సరిపోయే శాస్త్రం ఎవరు రాశారో గానీ, వాడికి తండ్రి ఉండి ఉండడు. బాలమణి ఏడవడం మానేసి నెల రోజులు ఆ మాటే అందరికీ చెప్పింది.

మఠంలో పెద్దస్వామి కాలం చేశాక సురేశే పీఠం ఎక్కాడు. ఇప్పుడతను విమలశివానంద స్వామి. మఠంవాళ్ళు ఊరూరా కరపత్రాలు పంచారు: కుమ్మరి బిడ్డను పీఠాధిపతిని చేసిన పీఠం, కులం అడగని పీఠం అని. ఆ కాగితం మీద కొడుకు ఫోటో చూసి, నిజం చెప్పాలంటే, బాలమణికి ఛాతీ పొంగింది. దాన్ని మడిచి బియ్యం డబ్బాలో దాచుకుంది. ఎంత తిట్టినా తల్లే కదా.

ఈ ఎండాకాలం ఊళ్ళో గుడి కమిటీ ఒకటి పుట్టింది. హైవే పక్కన నడుమెత్తు గుడి ఉండటం ఊరికి నామోషీ అని దానికి తోచింది. గుట్టమఠాన్ని పిలిచారు. చుట్టూ కంకర పోశారు, నాలుగు స్తంభాలు లేచాయి, పైన స్లాబు పడింది. పాత గుడి ఆ స్తంభాల మధ్య ఇరుక్కుపోయింది. ఇదంతా పోచమ్మకే చేస్తున్నారనుకుని బాలమణి కూలీలకు ఛాయ్ కూడా పోసింది. అసలు సంగతి శ్రావణమాసం మొదలయ్యాక, అల్లం చేన్లో కూలికి పోయొచ్చిన బస్వమ్మ చెప్పింది. బస్వమ్మ పక్కింటామె, బాలమణికి చెల్లెలు లెక్క.

"అక్కా, కొత్త విగ్రహం తెస్తున్నరంట. నాలుగు చేతులు, కిరీటం, నల్లరాయి. లలితాపరమేశ్వరి అంట. బోనాల ఆదివారమే పెడ్తరంట."

"మరి పోచమ్మ?"

బస్వమ్మ కాళ్ళకంటిన అల్లం చేని మట్టి దులుపుకుంది.

ఆ జవాబు చెప్పడానికి మర్నాడు పొద్దుగూకాక మఠం వ్యవహారాలు చూసే సదాశివ కారులో వచ్చాడు. తెల్లటి పంచె, మెడలో రుద్రాక్షలు, చేతిలో పళ్ళబుట్ట. మనిషి మాట మెత్తన. బాలమణి వేసిన కుర్చీలో కూర్చుని, ఆమెను కింద కూర్చోనివ్వకుండా తనే లేచి ఇంకో కుర్చీ లాగి వేశాడు.

"మీరు స్వామివారి మాతృమూర్తి. మీరు కింద కూర్చుంటే మాకు పాపం తగులుతుందమ్మా" అన్నాడు.

"సరే, కూసున్న. మా పోచమ్మను ఏం జేస్తున్నరో చెప్పు."

"పోచమ్మ తల్లి ఎక్కడికీ పోదు. కొత్త విగ్రహం పీఠం కిందనే ఉంచి పైన ప్రతిష్ఠ చేస్తాం. చిన్నమ్మ మీద పెద్దమ్మ అనుకోండి."

"అంటే పాతిపెడ్తరు."

"అలా అనకూడదు. పీఠంలో కలుపుతాం." సదాశివ గొంతు సవరించుకున్నాడు. "ప్రతిష్ఠ అయ్యాక దీక్ష తీసుకున్నవాళ్ళు తప్ప అమ్మవారిని తాకకూడదు. మఠం నుంచి ఇద్దరు బ్రహ్మచారులు వచ్చి ఇక్కడే ఉంటారు. కల్లుసాక పోయడం, కోళ్ళు కోయడం ఇవన్నీ ఉండవు. మీకు బయట ముగ్గులు పెట్టే సేవ ఇద్దామని అనుకుంటున్నాం. ఆ వెండి కళ్ళు మాకు అప్పగిస్తే మఠంలో భద్రంగా పెడతాం."

కళ్ళ సంచీ ఆమె నడుముకే దోపి ఉంది. చెయ్యి దానంతటదే అక్కడికి పోయింది.

"ముప్పై తొమ్మిదేండ్లు నేను కడిగిన తల్లిని నేను ముట్టొద్దా? ఏం, నా చేతులకు ఏమైంది?"

"ఏమీ కాలేదమ్మా. నియమం. ఇంకొక విన్నపం కూడా ఉంది." సదాశివ ముఖం వెలిగిపోయింది, అసలు శుభవార్త ఇప్పుడు చెప్పబోతున్నవాడిలా. "సన్యాసి లోకంలో ఎవరికీ మొక్కడు. తండ్రికి కూడా మొక్కడు. ఒక్క తల్లికి మాత్రం మొక్కాలి, అది శాస్త్రం. ప్రతిష్ఠ రోజు వేదిక మీద మీకు సింహాసనం వేస్తాం. స్వామివారు అందరి ముందు మీ పాదాలకు సాష్టాంగం చేశాకే పీఠం తవ్వడానికి గునపం పడుతుంది. టీవీవాళ్ళు వస్తున్నారు. మీరు పట్టుచీర కట్టుకుని కూర్చుంటే చాలు."

బాలమణి తన కాళ్ళ వైపు చూసుకుంది, తర్వాత పచ్చటి అరచేతుల వైపు చూసుకుంది. సదాశివ అది సంతోషమనుకున్నాడు.

"అంటే," అంది చివరికి, "నా కాళ్ళు గావాలె. నా చేతులొద్దు."

సదాశివ పళ్ళబుట్ట ఆమె వైపు జరిపాడు.

"లే సారూ. పండ్లు తీస్కపో. నా కొడుకును తీస్కపోయిన్రు, నన్ను అడగలే. ఇప్పుడు నా తల్లిని గూడ తీస్కపోతమంటున్రు. ఇంట్ల ఇంకేమన్న మిగిలిందా చూస్కో, అది గూడ కార్ల ఏస్కో."

కారు పోయాక బస్వమ్మ మెల్లగా అంది. "సురేశ్‌కు ఈ ముచ్చట తెల్వదేమో అక్కా. కింది మనుషులు చేస్తున్నరేమో."

ఆ మాట బాలమణిని పట్టుకుంది. ఆ చిన్న ఆశతోనే మర్నాడు పొద్దున పోచమ్మకు కళ్ళు పెట్టి, పని ముగించి, బస్సెక్కి గుట్టమఠానికి పోయింది. తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. దర్శనం వరసలో మూడు గంటలు నిలబడింది. స్వామివారి తల్లినని చెప్పుకోలేదు. చెప్పుకుంటే ముందుకు పంపేవారేమో, ఆమెకు ఆ మర్యాద అక్కర్లేదు.

వరసలో ఉండగా ఎదురుగా గర్భగుడిలో అమ్మవారికి అభిషేకం జరుగుతోంది. ఇరవై రెండేళ్ళ బ్రహ్మచారి గడగడా చదువుతూ బిందెల కొద్దీ పాలు పోశాడు. మంత్రం ఒక్క చోట కూడా తప్పలేదు. అభిషేకం అయ్యాక పట్టుచీర చుట్టి, దండ వేసి, హారతి ఎత్తాడు. బాలమణి చూస్తూనే ఉంది. వాడు అమ్మవారి మొహం తుడవలేదు. కళ్ళ కొసల్లో పాలు అలాగే నిలిచి ఉన్నాయి. స్నానం పోసినాక చంటిపిల్లకైనా కళ్ళు తుడవాలని వాడికి ఎవరూ నేర్పినట్టు లేదు. దీక్ష ఉన్న చేతులు ఇవన్నమాట, అనుకుంది.

కొడుకు చేతిలో కర్రదండంతో పులిచర్మం మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు, అంతలోనే పక్కనున్న వాళ్ళను చూసి తమాయించుకున్నాడు.

"తల్లిగారు రావడం మా భాగ్యం" అన్నాడు, పుస్తకంలోంచి చదివినట్టు.

"భాగ్యం సంగతి తర్వాత. పోచమ్మను రాయి కింద పెడ్తున్నరంట. నీకు తెలుసా?"

అతను చూపు తిప్పి చేతిలోని దండం సర్దుకున్నాడు. అది చూడగానే ఆమెకు ఆశ పూర్తిగా చచ్చిపోయింది.

"తెలుసు. ఇది మఠం తీర్మానం. ఒకసారి పీఠం ఎక్కాక మా చేతిలో ఏమీ ఉండదు. నియమాలు మమ్మల్ని నడిపిస్తాయి, మేము నియమాల్ని నడపలేము."

"మంచిగున్నది. మీ నాయిన చచ్చిపోతే గూడ నియమమే నడిపిచ్చింది." ఆమె గొంతు పెరిగింది, వరసలో జనం తలలు తిప్పారు. "నీ చేతిల ఏం లేనప్పుడు గా కట్టె ఎందుకు పట్టుకున్నవ్ రా?"

ఇద్దరు సేవకులు ఆమెను మర్యాదగా బయటికి నడిపించారు. ఒకడు ఆమె కొంగులో ప్రసాదం కూడా పెట్టాడు. బస్సులో ఆమె ఏడ్చింది. దుఃఖంతో కాదు, కోపంతో. చిరాగ్‌పల్లి వచ్చేసరికి కళ్ళు తుడుచుకుని, పొద్దుగూకేలోపు గుడికి పోయి పోచమ్మ కళ్ళు తీసుకుని ఇంటికి వచ్చింది.

బోనాల ఆదివారం పొద్దున్నుంచే సన్నగా తుంపర. హైవే దాకా తోరణాలు కట్టారు, రెండు టీవీల బండ్లు వచ్చాయి. కొత్త విగ్రహం గడ్డి చుట్టి లారీలో సిద్ధంగా ఉంది. ముహూర్తం పది గంటల నలభై నిమిషాల నుంచి పదకొండు పది వరకు. ఆ అరగంట దాటితే ఈ సంవత్సరంలో మళ్ళీ లేదని పంచాంగం చూసి చెప్పారు. ఇంకోపక్క బోనాలెత్తుకున్న ఆడవాళ్ళు నలభై మందికి పైగా వరస కట్టి నిలబడ్డారు. మఠంవాళ్ళు వద్దన్నారు కానీ, తాతముత్తాతల నాటి బోనాల రోజు ఇంట్లో కూర్చునే ఆడది ఆ వాడలో లేదు. కుండ నెత్తిన ఉంది, దించుదామంటే పోచమ్మకు ఇంకా కళ్ళు లేవు. గుడి ముందు తెల్లవారకముందునుంచే కాషాయం చొక్కాల మఠం కుర్రవాళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు.

బాలమణి వచ్చింది. పట్టుచీర కట్టలేదు, రోజూ కట్టే నేత చీరే. చంకన నీళ్ళ కుండ, చేతిలో పసుపు గిన్నె. కార్యకర్తలు ఆమెను వేదిక మీది సింహాసనం వైపు తిప్పబోయారు. ఆమె తిరగలేదు. నేరుగా వచ్చి గుడి ముందు, ఆ కుర్రవాళ్ళ ఎదురుగా కంకర మీద నిలబడింది. అక్కడినుంచి కదల్చడం ఎవరివల్లా కాలేదు. అప్పటికే పదిన్నర అయింది. స్వామివారు వేదిక మీద నిలబడి చూస్తున్నారు. తల్లి పైకి రాకపోతే తనే కిందికి రావాలి. తల్లికి మొక్కనిదే ప్రతిష్ఠ మొదలుకాదు.

వచ్చాడు. వెనక పట్టుగొడుగు పట్టుకుని శిష్యుడు. పావుకోళ్ళు విడిచి, చేతిలోని కర్రదండం పక్కనున్నవాడికిచ్చి, ఆ తడి కంకర మీద నిలువునా పడుకుని ఆమె పాదాల దగ్గర తల పెట్టాడు. కెమెరాలన్నీ ముందుకు తోసుకొచ్చాయి. గొడుగు శిష్యుడు ఏం చేయాలో తెలియక, పడుకున్న స్వామి వీపు మీద తడవకుండా నడుం వంచి గొడుగు పట్టాడు.

సరిగ్గా అప్పుడు సదాశివకు ఉత్సాహం ఆగలేదు. మైకు అందుకున్నాడు.

"చూడండి! లోకానికి గురువైనా తల్లికి బిడ్డే! కన్నతల్లి తన నోటితో లెమ్మని అనేదాకా స్వామివారు తల కూడా ఎత్తరు! పూర్వం నుంచీ వస్తున్న మన మఠ మర్యాద! ఒకసారి గట్టిగా చప్పట్లు!"

చప్పట్లు మోగాయి. బాలమణి ఆ మాట విన్నది. కింద పడుకున్న కొడుకును చూసింది, మైకు పట్టుకున్న సదాశివను చూసింది, వరసలో బోనాలతో నిలబడ్డ ఆడవాళ్ళను చూసింది. తర్వాత ఏమీ అనకుండా కొడుకు తల దగ్గరనుంచి రెండడుగులు పక్కకు జరిగింది.

"అమ్మా," సదాశివ నవ్వుతూనే దగ్గరికొచ్చాడు, "లెమ్మని చెప్పండమ్మా."

"చెప్త. ముందు నీ పోరగాండ్లను తప్పుకొమ్మను. నా తల్లికి తానం గావాలె."

"ఇప్పుడా? ముహూర్తానికి ఇంకా పదినిమిషాలు కూడా లేదు..."

"నేనేం జేస్త? ఆయన మొక్కుడు ఆయన మొక్కుతుండు. నా పని నేను జేసుకోవద్దా?"

సదాశివ చుట్టూ చూశాడు. నాలుగు కెమెరాలు, మూడు వేల మంది జనం, కంకర మీద పీఠాధిపతి. మర్యాద గురించి మైకులో చెప్పింది తనే. ఒక రాయికి నీళ్ళు పోయడానికి ఎంతసేపు పడుతుందిలే, రెండు నిమిషాలు అనుకున్నాడు కాబోలు, కుర్రవాళ్ళకు సైగ చేశాడు. వాళ్ళు పక్కకు జరిగారు. బాలమణి వంగి లోపలికి పోయింది.

రెండు నిమిషాలు! నిన్నటి పసుపు తడి గుడ్డతో నానబెట్టి, గోరు తగలకుండా తీయాలి. తర్వాత కుండలోని నీళ్ళు, ఒక్కసారి గుమ్మరించడం కాదు, దోసిలితో పోస్తూ అరచేత్తో పామాలి. వెనకవైపు కూడా, అక్కడ ఎవరూ చూడకపోయినా. ఆరిన గుడ్డతో తుడవాలి. నూనెతో కలిపిన కొత్త పసుపు కిందినుంచి పైకి, రెండు పూతలు, మొదటిది కొంచెం ఆరాకే రెండోది. ఆమె రోజూ ఎలా చేస్తుందో అలాగే చేసింది. ఏ పనికీ తొందరపడలేదు, ఏ పనినీ సాగదీయలేదు.

బయట సదాశివ గడియారం చూసుకుంటున్నాడు. పదీ యాభై. పదీ యాభై ఐదు. లారీ మీద గడ్డి విప్పిన కూలీలు మోకులు పట్టుకుని కాచుకున్నారు. మఠం పండితుడొకరు స్వామి చెవి దగ్గర వంగి, "ఆపద్ధర్మం కింద లేవవచ్చు స్వామీ, దోషం లేదు" అన్నాడు. స్వామి తల ఎత్తకుండానే అడ్డంగా ఊపాడు. అది నియమానికి భయపడో, ఇంకెందుకో, అతనికే తెలియాలి. ముందు వరసలో నెత్తిన బోనంతో నిలబడ్డ బస్వమ్మ ఆ తల ఊపడం చూసింది.

బాలమణి నడుము సంచీలోంచి కళ్ళు తీసింది. పసుపు ముద్ద అంటించి ఒకటి పెట్టింది, రెండోది పెట్టింది, సరిగ్గా కూర్చున్నాయో లేదో వెనక్కి జరిగి చూసుకుంది. తర్వాత గుడి బయటికి వచ్చి, "రండ్రి" అంది.

ఆడవాళ్ళు కదిలారు. ఒక్కొక్కరే వచ్చి బోనం దించి, అన్నం పెట్టి, సాక పోసి, మొక్కి పోవాలి. దారి సన్నం, సగం దారి స్తంభాలు తిన్నాయి, మిగతా సగంలో స్వామివారు పడుకుని ఉన్నారు. ఆడవాళ్ళు ఆయన్ని తాకకుండా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పక్కనుంచి నడిచారు. కొత్త కోడళ్ళు సిగ్గుపడ్డారు, ముసలివాళ్ళు పడలేదు.

"అమ్మా, దండం పెడతాను, లెమ్మనండి!" సదాశివ చేతులు జోడించాడు. "పదకొండు దాటింది!"

"ఫికర్ జెయ్యకు సారూ. తొమ్మిదేండ్లకు ఒక్కసారి తల్లికి మొక్కుతున్నడు, మొక్కనీ. నా కాళ్ళే గద మీకు గావాలంటిరి?"

పదకొండు పది అయింది. పదకొండూ ఇరవై అయింది. కూలీలు మోకులు వదిలేసి లారీ చాటున బీడీలు ముట్టించారు. చివరి బోనం దించేసరికి పన్నెండు కావస్తోంది. టీవీవాళ్ళ బండి ఒకటి వెళ్ళిపోయింది, రెండోది మాత్రం కదల్లేదు.

బాలమణి అప్పుడు కొడుకు దగ్గరికి వచ్చింది. కోపం ఇంకా తగ్గలేదు, తగ్గించుకోవాలని ఆమెకు లేదు కూడా.

"ఇగ లే" అంది.

అతను లేచాడు. నుదుటి మీద విభూతి బురదలో కలిసిపోయింది, మోచేతుల్లో కంకర గుచ్చుకుని ఉంది. సదాశివ ఏదో చెప్పబోతే వినలేదు. గుడి వైపు చూశాడు. లోపలినుంచి పోచమ్మ పచ్చగా, రెండు కళ్ళతో అతన్నే చూస్తోంది. మూడు వేల మంది వింటుండగా, మఠం మాటలన్నీ వదిలేసి తన పాత గొంతుతో అడిగాడు.

"అమ్మా, నేను లోపటికి రావొచ్చునా?"

బాలమణి అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. అడుగున నీళ్ళు మిగిలిన కుండను అతని ముందుకు జరిపింది.

"కాళ్ళు కడుక్కొని రా."